నేవానదీ ముఖమున ఒక మహానగరము



నేను చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడను. సంస్కృతాంధ్రములు గురుముఖమున చదివికొన్నవాడనైనను, బడిలో చరిత్ర కూడ చెప్పవలసి వచ్చెడిది. ఆ పాఠములలో ఏటేట ఒక వాక్యము వచ్చుచుండెను: "రష్యా చక్రవర్తియగు పీటరు బురదనేలపై సెయింట్ పీటర్సుబర్గు నగరమును నిర్మించెను." నేను చెప్పెడివాడను, పిల్లలు వ్రాసికొనెడివారు. ఒక యేట వెనుక బల్లమీది పిల్లవాడొకడు లేచి, "అయ్యా, మట్టి ఎవరు మోసినారండీ?" అని అడిగెను. వాని తండ్రి కాలువగట్లపై మట్టిపని చేసి బ్రతుకువాడు. తరగతియంతయు నవ్వెను. నేనును నవ్వి, కూర్చుండుమంటిని. ఆ ప్రశ్న పాఠములో లేదు. సమాధానము నాకును తెలియదు.

ఆనాటి నవ్వు తరువాత నన్ను చాలకాలము బాధించినది. దొరికిన గ్రంథములు చదివి, ఆ నగరము పుట్టిన విధమును కొంత తెలిసికొంటిని. అది మొదటి ముప్పది సంవత్సరములలో ఎట్లు పెరిగెనో మీకు విన్నవించి, ఆ బిడ్డకు నేను బాకీపడిన సమాధానమును కూడ నేడు చెప్పదలచితిని.

ముందుగా ఆ రాజునకు అచ్చట నగరమెందుకు కావలసి వచ్చెనో చూతము. రష్యా మిక్కిలి విశాలమైన దేశము. కాని 1700 నాటికి ఐరోపా దేశములతో వర్తకము చేయుటకు దానికి తగిన సముద్రద్వారము లేదు. దక్షిణమున నల్లసముద్రము తురుష్కుల వశమున నుండెను. పడమట బాల్టికు తీరము స్వీడను రాజుల వశమున నుండెను. 1617 లో జరిగిన స్తోల్బోవో సంధిచే నేవానదీ ప్రాంతమును రష్యావారు స్వీడనుకు విడిచిపెట్టిరి. ఇక మిగిలినది ఉత్తరమున తెల్లసముద్రపు ఒడ్డునున్న అర్ఖాంగెల్స్కు రేవు. అది సంవత్సరములో సగము కాలము మంచుగడ్డలచే మూతపడియుండును. ఇల్లు ఎంత పెద్దదైననేమి? ఉన్న వాకిలి ఒక్కటి. అదియు ఆరునెలలు తెరువరాదు. ఇది ఆనాటి రష్యా స్థితి.

పీటరు 1672 లో పుట్టి, పదియేండ్ల ప్రాయమున 1682 లో సింహాసనమెక్కెను. 1697, 1698 సంవత్సరములలో మారుపేరుతో హాలెండు, ఇంగ్లండు దేశములకు పోయెను. హాలెండులో ఓడలు కట్టుచోట గొడ్డలి చేతబట్టి వడ్రంగులతోపాటు పనిచేసి ఆ విద్య నేర్చెను. తిరిగివచ్చి 1700 లో స్వీడనుపై యుద్ధము ప్రకటించెను. ఆ యేడే నార్వా కోటవద్ద, పదునెనిమిదేండ్ల స్వీడను రాజు పన్నెండవ చార్లెసు చేతిలో ఘోరముగా ఓడిపోయెను. అయినను నిరాశ చెందక సైన్యమును మరల కూర్చుకొనెను. 1702 లో, లదోగా సరస్సునుండి నేవానది బయలుదేరుచోట నున్న నోటెబర్గు కోటను పట్టుకొని, దానికి ష్లిసెల్బర్గు అని పేరు మార్చెను. తాళపుచెవి ఊరని దాని యర్థము. 1703 మే నెలలో నదీముఖమునకు సమీపముననున్న నియెన్‌షాంట్స్ కోటయు లొంగిపోయెను. అంతట నేవానది ఆద్యంతము రష్యావారి చేతికి వచ్చెను.

ఈ నది చిన్నది. సరస్సున పుట్టి ఫిన్లాండు సింధుశాఖలో కలియువరకు దాని పొడవు సుమారు 46 మైళ్ళు మాత్రమే. కాని అంత పెద్ద సరస్సులోని నీరంతయు దానిగుండనే వెడలవలసియుండుటచే, అది వెడల్పును లోతును కలిగి నిండుగా ప్రవహించును. సముద్రమున కలియుచోట పాయలుగా చీలి లంకలను ఏర్పరచినది. గోదావరి, కృష్ణ లంకలను చూచినవారికి లంకనేల యనగా ఏమో చెప్పనక్కరలేదు. అయితే మన లంకలు ఒండ్రుమట్టితో పంటలకు పేరుపడినవి. ఆ లంకలు చలికిని, చిత్తడికిని పేరుపడినవి. అచ్చటి చలికాలమున నది గడ్డకట్టును; పూర్వము దానిమీద బండ్లు నడచెడివి.

నేను బడిలో చెప్పినట్లు అది నిర్మానుష్యమైన బురద మాత్రము కాదు. నియెన్‌షాంట్స్ కోటచెంత నియెన్ అను స్వీడనువారి పట్టణముండెను. చుట్టుప్రక్కల ఫిన్నులు, ఇజోరులు అను జాతులవారి పల్లెలును, రష్యనుల పల్లెలును ఉండెను. చేపలు పట్టువారు, సేద్యము చేయువారు తరతరములుగా అచ్చట నివసించుచుండిరి. నగరము వచ్చుటకు పూర్వమే ఆ నేలకు మనుష్యులున్నారని మొదట గ్రహింపవలెను.

1703 మే 27 వ తేదీని ఆ లంకలలో నొకదానిపై కోటకు పునాది వేసిరి. ఆనాటి రష్యా పంచాంగము ప్రకారము అది మే 16 వ తేదీ. ఆ పంచాంగము, ఇప్పుడు లోకమంతట వాడుకలోనున్న లెక్కకు పదునొకండు దినములు వెనుకబడియుండెను. ఆ లంకకు కుందేళ్ళ లంక యని పేరు. రాజు స్వయముగా నేల త్రవ్వెననియు, అప్పుడొక గ్రద్ద ఆయన తలపై తిరిగెననియు ఒక కథ కలదు. ఆ దినమున రాజు అచ్చట లేనేలేడని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. నగరము గొప్పదైన పిదప దాని పుట్టుకకు ఇట్టి కథలు చేరుట అన్ని దేశములందును కలదు.

మన కౌటిల్యుడు అర్థశాస్త్రమున దుర్గములను పేర్కొనుచు, నీటినడుమ నుండునది ఔదకదుర్గమని చెప్పెను. ఈ కోట అట్టిది. మొదట మట్టిగోడలతో ఆరు బురుజులు లేపిరి. ఒక బురుజునకు రాజు పేరును, తక్కిన అయిదింటికి ఆయన అనుచరుల పేర్లును పెట్టిరి. 1706 మొదలు మట్టిని తీసి రాతితోను ఇటుకతోను కట్టుట కారంభించిరి. ఊరికి సెయింట్ పీటర్సుబర్గు అను పేరు రాజునుబట్టి వచ్చినదని నేను చాలకాలము పొరబడితిని. ఏసుక్రీస్తు శిష్యులలో ముఖ్యుడగు పీటరు అను సాధువు పేర అది వెలసినది. రాజునకు ఆ సాధువు పేరే పెట్టబడియుండుటచే ఇరువురి కీర్తియు ఒక్కచోట కలిసినది.

కోట లేచుచుండగా రాజు తనకొక చిన్న కొయ్యయిల్లు కట్టించుకొనెను. దేవదారుజాతి దుంగలతో సైనికులు దానిని మూడు దినములలో లేపిరి. పొడవు సుమారు 40 అడుగులు. గోడలు ఇటుకగోడలవలె కనబడుటకై వానికి రంగు పూసిరి. ఆరున్నర అడుగుల పొడగరియైన ఆ చక్రవర్తి తన రాజధాని తొలిదినములను ఆ తక్కువ యెత్తు గదులలో గడపెను. ఆ యిల్లు నేటికిని చెడక, మరియొక కట్టడము లోపల భద్రముగా నిలిచియున్నది.

కోట యొక్కటి చాలదు. సముద్రమువైపునుండి శత్రునౌకలు రాకుండవలెను. అందుకై నదికెదురుగా సముద్రమునందలి కోట్లిన్ లంకవద్ద నీటి నడుమనే క్రోన్‌ష్లోటు అను మరియొక కోటను కట్టిరి. ఆ పని జరిగిన యుక్తి వినదగినది. చలికాలమున సముద్రముపై మంచు గట్టిపడగానే, పెద్దపెద్ద కొయ్యపెట్టెలు చేసి, రాళ్ళు నింపి, మంచును కోసి లోనికి దింపిరి. అవి సముద్రగర్భమున కూర్చుండగా, వానిపై కోట లేపిరి. 1704 వసంతమునకు అది సిద్ధమయ్యెను. పడవలతో చేయలేని పనిని చలి చేసిపెట్టినది. కాని ఆ చలిలో నిలిచి రాళ్ళెత్తినది మనుష్యుల చేతులు.

1703 నవంబరులో మొదటి వర్తకపుటోడ హాలెండునుండి ఉప్పును ద్రాక్షసారాయమును తెచ్చెను. అప్పటికి ఊరనుటకు తగిన ఊరే లేదు. నగరపాలకుడగు మెన్షికోవు ఆ నావికునకు 500 బంగారు నాణెములు బహుమానమిచ్చెను. రెండవ ఓడకు 300, మూడవ ఓడకు 150 ఇత్తుమని ప్రకటించెను. 1704 లో నదికి ఆవలియొడ్డున ఓడలు కట్టుచోటును స్థాపించిరి. అడ్మిరాల్టీ యని దాని పేరు. ఊరు దాని చుట్టును పెరుగసాగెను.

ఇక ఆ పిల్లవాని ప్రశ్నకు వత్తము. మట్టి ఎవరు మోసిరి?

మొదట మోసినవారు సైనికులును, పట్టుబడిన స్వీడను ఖైదీలును, చుట్టుప్రక్కల పల్లెలవారును. వారు చాలకపోగా, 1704 మొదలు రష్యాలోని దూరదూర మండలములనుండి రైతులను పంపవలసినదని ఆజ్ఞలు పుట్టెను. సంవత్సరమునకు 40,000 మందిని కోరుచుండిరి. వంతులవారీగా రెండు మూడు నెలలు పనిచేసి మరల వచ్చిన వంతువారికి పని అప్పగించి పోవలెను. కోరినంతమంది ఎన్నడును రాలేదు. వచ్చినవారును కొన్ని వందల మైళ్ళు నడచి వచ్చినవారు. దారిలో కొందరు పారిపోయిరి, కొందరు జబ్బుపడిరి. వచ్చినవారికి తగిన పనిముట్లు లేవు. పారలు, పలుగులు, మట్టితోయు బండ్లు చాలకపోవుటచే, అంగీచెరగులలోను, చాపలతో కుట్టిన సంచులలోను మట్టిని మోసిరని ఆ కాలపువారు వ్రాసిరి. పల్లపునేలను ఎత్తు చేయుటకు ఎచ్చటనుండియో మట్టి తేవలెను. మెత్తని నేలలో గుంజలను వరుసగా దిగగొట్టి వానిపై పునాది వేయవలెను. ఎల్లప్పుడు నీటిలో మునిగియున్న కొయ్య కుళ్ళదు. నీరును గాలియు మారిమారి తగిలిన కొయ్య కుళ్ళును. అందుచే గుంజ తలను నీటిమట్టమునకు దిగువకు కొట్టవలెను. ఆ పనివారు మోకాలిలోతు చన్నీటిలో నిలిచి ఆ పని చేసిరి.

పచ్చికూరలు లేని తిండివలన చిగుళ్ళు చెడి, విరేచనములు పట్టి, అనేకులు మరణించిరి. అరువదివేలనియు, లక్షయనియు ఆనాటి విదేశీయులు వ్రాసిరి. ఇటీవలి పండితులు అంత యుండదని తలంచుచున్నారు. వేలకొలది యనుటలో మాత్రము భేదము లేదు. ఓడకు ఎన్ని బంగారు నాణెములిచ్చిరో అంకెతోసహా నిలిచినది. ఎందరు కూలివారు చనిపోయిరో అట్లు నిలువలేదు. 1718 మొదలు ఈ వెట్టికి బదులు ప్రజలవద్ద పన్ను గైకొని, ఆ సొమ్ముతో కూలివారిని కుదుర్చుకొను పద్ధతి క్రమముగా వచ్చెను. వెట్టివానికంటె కూలికి వచ్చినవాడు పని చక్కగా చేయునని ప్రభువులును గ్రహించిరి. ఆ గ్రహింపునకు పదునైదు సంవత్సరములు పట్టెను.

రాళ్ళ కథ వేరు. లంకనేలలో రాయి దొరకదు. 1714 లో రాజు రెండు శాసనములు చేసెను. నేవాకు వచ్చు ప్రతి పడవయు దాని పరిమాణమును బట్టి పది మొదలు ముప్పది రాళ్ళవరకు తేవలెను. ప్రతి బండియు మూడు రాళ్ళు తేవలెను. ఒక్కొక్క రాయి మన తూకమున సుమారు ఒకటిన్నర వీశెకు తగ్గరాదు. ఇది సుంకమువంటిది, అరువది సంవత్సరములకు పైగా, 1776 వరకు సాగెను. రెండవది ఇంకను కఠినమైనది. పీటర్సుబర్గున తప్ప రష్యాలో మరెచ్చటను రాతికట్టడము కట్టరాదు. దానివలన దేశమందలి తాపీపనివారందరికి స్వగ్రామములలో పని లేకపోయెను. పని వెదకుకొనుచు వారు నేవాతీరమునకు రావలసివచ్చెను. ఇట్లు ఒక నగరము లేచుటకై తక్కిన నగరములు ఆగిపోయినవి.

ఇండ్ల అమరికకు త్రెజ్జీని అను శిల్పిని నియమించిరి. ఆయన స్విట్జర్లాండునందలి ఇటాలియను భాష మాట్లాడు ప్రాంతమువాడు. సామాన్యులకు, కలిగినవారికి, గొప్పవారికి వేరువేరు ఇంటి నమూనాలు గీసి, ఆ ప్రకారమే కట్టవలెనని విధించిరి. రష్యాలో పూర్వము ఇల్లు పెరటి నడుమ నుండెడిది. ఇచ్చట వీధివెంబడి ముఖము పెట్టి ఒకే వరుసలో నిలువవలెను. కోటలోని ప్రధాన దేవాలయము కూడ ఆయన పనియే. 1712 లో మొదలుపెట్టిన ఆ రాతికట్టడము 1733 లో ముగిసెను. దాని శిఖరము సుమారు 400 అడుగుల యెత్తు.

ఇంత చేసినను నీటితో పోరు తప్పలేదు. మన నదులు వానలకు పొంగును. నేవా వరద అట్టిది కాదు. పడమటిగాలి బలముగా వీచినప్పుడు సింధుశాఖలోని సముద్రజలము నదీముఖమునకు ఎగదన్నును. పోవలసిన నది పోలేక వెనుకకు పొంగును. కోట మొదలుపెట్టిన మూడు నెలలకే ఇట్టి వరద వచ్చి కలపను కొట్టుకొనిపోయెను. 1706 సెప్టెంబరులో రాజు ఇంటిలోనికే 21 అంగుళముల నీరు వచ్చెను. జనులు ఇండ్లకప్పులపైనను చెట్లపైనను ఎక్కి కూర్చుండుట చూచి తనకు వినోదమైనదని రాజు మెన్షికోవునకు జాబు వ్రాసెను. అది చదివినప్పుడు నా తరగతిలో పుట్టిన నవ్వు నాకు జ్ఞప్తికి వచ్చెను. 1777, 1824, 1924 సంవత్సరములలో మహావరదలు వచ్చెను. సముద్రమునకు అడ్డముగా సుమారు పదునైదు మైళ్ళ కట్ట 2011 లో పూర్తియైన పిదపగాని ఆ భయము తీరలేదు.

నగరమునకు తిండి ఎట్లు వచ్చెనని మీరడుగవచ్చును. సేద్యకాండ్రైన మీకు అదియే మొదట తోచును. ఆ చలినేలలో అంతమందికి చాలిన ధాన్యము పండదు. పంట వోల్గానదీ ప్రాంతమున కలదు. వోల్గా జలములకును నేవా జలములకును నడుమ విష్ణి వొలొచోక్ అనుచోట కొద్దిపాటి మెరకనేల అడ్డుగా నుండెను. 1703 లో అచ్చట కాలువ త్రవ్వ మొదలిడి, 1709 నాటికి పడవలు నడచునట్లు చేసిరి. అయితే నీరు చాలకపోవుటచే అది నిలువలేదు. 1719 తరువాత సెర్ద్యుకోవు అను వర్తకుడు దానిని తన చేతిలోనికి తీసికొని, మరియొక నదిని మళ్ళించి, నీరు కట్టి, కాలువను బాగుచేసెను. అప్పటినుండి ధాన్యము, ఇనుము, జనుము, కలప పడవలపై నేవాకు దిగివచ్చెను. కోట కత్తితో నిలిచినది. నగరము ఈ కాలువతో బ్రతికినది.

ఈ మధ్య యుద్ధము సాగుచునే యుండెను. 1709 లో పొల్తావా వద్ద పీటరు పన్నెండవ చార్లెసును పూర్తిగా ఓడించెను. పీటర్సుబర్గు పునాదిరాయి అప్పటికి స్థిరపడినదని తానే వ్రాసికొనెను. 1712 లో రాజకుటుంబమును కొలువును మాస్కోనుండి ఇచ్చటికి తరలి వచ్చెను. ప్రభువులను, వర్తకులను, పనివారిని శాసనములతో రప్పించి ఇండ్లు కట్టించిరి. వారిలో చాలమంది ఏడ్చుచు వచ్చినవారే. నదిపై వంతెన వేయుటకు రాజు ఇష్టపడలేదు. జనులు పడవ నడుపుట నేర్వవలెనని ఆయన పట్టుదల. ఆయన మరణించిన పిదప 1727 లోగాని నేవాపై పడవల వంతెన పడలేదు. మరియొక విశేషము: ఆ నేల స్వీడనునుండి రష్యాకు సంధిమూలముగా సంక్రమించినది 1721 లో, నిస్టాడు సంధివలన. పదునెనిమిది సంవత్సరములు పీటరు దస్తావేజు లేని భూమిపై రాజధాని కట్టుచుండెనన్నమాట.

పీటరు 1725 లో మరణించెను. అప్పటికి నగరమున సుమారు నలుబదివేల జనులుండిరి. మూడేండ్లకే, 1728 లో, ఆయన మనుమడగు రెండవ పీటరు కొలువును మరల మాస్కోకు తీసికొనిపోయెను. బలవంతముగా వచ్చినవారు సంతోషముగా వెడలిపోయిరి. అనేక గృహములు మూతపడెను. రాజాజ్ఞయే నగరమునకు ప్రాణమైనచో అది అంతటితో ముగియవలసినది. కాని రేవు మాస్కోకు పోలేదు, ఓడలు కట్టుచోటు పోలేదు, కాలువ పోలేదు. వానిపై బ్రతుకు పెట్టుకొన్న పనివారును, వర్తకులును ఉండిపోయిరి. 1732 లో అన్నా మహారాణి కొలువును తిరిగి తెచ్చినప్పుడు ఆమెకు దొరికినది పాడుపడిన దిబ్బ కాదు, పనిచేయుచున్న పట్టణము. 1918 లో రాజధాని మరల మాస్కోకు పోయినను ఆ నగరము చెడలేదు. 1914 లో పెత్రోగ్రాదు, 1924 లో లెనిన్‌గ్రాదు, 1991 లో మరల సెయింట్ పీటర్సుబర్గు అని పేర్లు మారినవి. ఊరు ఊరుగనే నిలిచినది. నేడు అచ్చట ఏబది లక్షలకు పైగా జనులు నివసించుచున్నారు.

సంస్కృతము చదివిన నాకు ఆ నగరముతో ఒక ఋణానుబంధము కలదు. పీటరు 1724 లో శాసించి స్థాపింపజేసిన విద్వత్పరిషత్తు, ఆయన మరణించిన పిదప 1725 లో పని ఆరంభించెను. ఆ పరిషత్తే 1855 మొదలు 1875 వరకు ఏడు సంపుటములుగా ఒక సంస్కృత నిఘంటువును ప్రకటించెను. దానిని కూర్చినవారు బోట్లింగు, రోత్ అను పండితులు. బోట్లింగు ఆ నగరముననే పుట్టినవాడు. సంస్కృత పండితులు పీటర్సుబర్గు నిఘంటువని చెప్పుకొనునది అదియే. వేదమునందలి పదములకు అర్థము వెదకువారు, చలికి నేవా గడ్డకట్టు ఊరిలో అచ్చుపడిన ఆ పుటలను త్రిప్పుచుందురు. ఆ పుటలు నిలిచిన భవనములక్రింద గుంజలు దిగగొట్టిన చేతులను మనము తలపక పోరాదు.

కావున ఆ బిడ్డకు నా సమాధానమిది. నాయనా, రాజు చోటు చూపెను. మట్టి మోసినవారు నీ తండ్రివంటివారు. రాజు చూపినచోటు మంచిదే, ఆ దేశమునకు అది వాకిలి అయ్యెను. కాని వాకిలి కావలసియుండుటవలన వెట్టి న్యాయము కాజాలదు. ఆ పనిని పన్నుసొమ్ముతో, కూలిమనుష్యులతో చేయవచ్చునని రాజే తరువాత ఒప్పుకొనెను. మొదటనే ఒప్పుకొనియున్నచో నగరము పది సంవత్సరములు ఆలస్యముగా లేచియుండవచ్చును. వేలమంది తమ యిండ్లకు తిరిగి పోయియుందురు.

పెద్దలారా, మీ మనుమలు పాఠపుస్తకములలో ఫలానా రాజు ఫలానా కోట కట్టెనని చదువుచుందురు. ఆ మాట అబద్ధము కాదు, సగము నిజము. తక్కిన సగమును వారు అడిగినప్పుడు నావలె నవ్వి కూర్చుండబెట్టకుడు. తెలిసినంత చెప్పుడు, తెలియనిచో వారితోపాటు వెదకుడు. సెలవు.